గ్రాఫులో సున్నా రోజు: డిగ్రీ ప్రాజెక్టు జ్ఞాపకాలు

డిగ్రీ చివరి ఏడాది ప్రాజెక్టు అనగానే నా కళ్ళ ముందుకొచ్చేవి మా డ్రాఫ్టు కాగితాల మార్జిన్లు. వాటి నిండా మా మేడమ్ పెన్సిల్ రాత. చిన్న చిన్న అక్షరాలు, కాస్త ఎడమకు వాలి ఉండేవి. ఎర్ర ఇంకు ఆవిడ ముట్టుకునేవారు కాదు. "ఎర్రగా కనపడగానే తప్పు అనుకుంటారు. నేను అడుగుతున్నానంతే" అనేవారు. నిజంగానే ఆ రాతల్లో సగానికి పైగా ప్రశ్నలే. అందులోనూ మళ్ళీ మళ్ళీ కనిపించే ప్రశ్న ఒకటుండేది: "ఇది నీకెలా తెలుసు?"

మాది బయోకెమిస్ట్రీ. ఇద్దరికి కలిపి ఒక ప్రాజెక్టు. గోధుమ గింజ మొలకెత్తేటప్పుడు అందులోని స్టార్చ్‌ని చక్కెరగా విడగొట్టే అమైలేజ్ అనే ఎంజైమ్ రోజురోజుకీ ఎంత పెరుగుతుందో కొలవడం మా పని. ప్రపంచానికి తెలియనిదేమీ కాదది. పాఠ్యపుస్తకంలో నాలుగు లైన్లలో ఉంటుంది. పిండం నుంచి జిబ్బరెలిన్ అనే హార్మోన్ వెలువడుతుంది, గింజ పైపొరకు కాస్త లోపల ఉండే ఆల్యురోన్ కణాలు దాన్ని అందుకుని ఆల్ఫా అమైలేజ్‌ని కొత్తగా తయారుచేస్తాయి, ఆ ఎంజైమ్ స్టార్చ్‌ని కరిగించి మొలకకు ఆహారం అందిస్తుంది. మేడమ్ మాత్రం ఇదే చేయమన్నారు. ఖరీదైన పరికరాలేవీ అక్కర్లేదు, పరిశోధనలో అడగాల్సిన ప్రశ్నలు మాత్రం ఒక్కటీ తగ్గవు. ఆ ఎంపిక ఎంత మంచిదో అప్పట్లో మాకు అర్థం కాలేదు.

ఆ రోజుల్లో ల్యాబ్‌లో ఉండే వాసన ఇప్పటికీ గుర్తుంది. పెట్రీ డిష్‌ల్లో తడి ఫిల్టర్ పేపర్ మీద చీకట్లో మొలకెత్తుతున్న గోధుమల పచ్చి వాసన. రోజూ కొన్ని తీసి, చల్లటి బఫర్ పోసి, ఐసు మీద పెట్టిన కల్వంలో నూరి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైన తేరుకున్న ద్రావణాన్ని వేరుచేసుకునేవాళ్ళం. దాన్ని స్టార్చ్‌తో కలిపి కొంతసేపు ఉంచాక డీఎన్ఎస్ రీజెంట్ వేయాలి. 3,5-డైనైట్రోసాలిసిలిక్ యాసిడ్. చక్కటి పసుపు రంగు. మరిగే నీళ్ళలో ఐదు నిమిషాలు ఉంచితే, చక్కెర ఎంత తయారైందో దాన్నిబట్టి నారింజ నుంచి ఇటుక ఎరుపు దాకా మారుతుంది. స్టాండులో ట్యూబులన్నీ వరసగా పెట్టి చూస్తే, 540 నానోమీటర్ల దగ్గర రీడింగ్ తీయకముందే సగం ఫలితం కంటికి కనపడేది. నా పార్ట్‌నర్ ఆ స్టాండుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురులో పెట్టి, "చూడవే, గ్రాఫు నిలబడినట్టు లేదూ!" అనేది.

ప్రయోగాలు అయిపోయాయి కాబట్టి పని అయిపోయిందనుకున్నాం ఇద్దరమూ. రాయడమంటే ఏముంది, రికార్డు రాసినట్టే కదా అని. మూడేళ్ళుగా రాస్తున్న రికార్డు చేతికి బాగా అలవాటే. ఎయిమ్, ప్రిన్సిపుల్, ప్రొసీజర్, రిజల్ట్. ఆ పద్ధతిలోనే మొదటి డ్రాఫ్టు రాసి ఇచ్చాం. మేడమ్ చదివి, పక్కన పెట్టి, మెల్లగా అడిగారు: "ఏమ్మా, రికార్డు దిద్దేటప్పుడు నాకు జవాబు ముందే తెలుసు కదా. మీకు మార్కులు ఎన్నివ్వాలో చూస్తానంతే. దీన్ని చదివేవాళ్ళకి జవాబు తెలీదు. వాళ్ళకి మీరు తప్ప ఇంకో ఆధారం లేదు. వాళ్ళని మనసులో పెట్టుకుని రాయండి."

నా చదువు మొత్తంలో నాతో ఎవరైనా అన్న అతి ముఖ్యమైన మాట అదేనని నేను ఇవాళ్టికీ నమ్ముతాను. అప్పటిదాకా నేను రాసినవన్నీ నాకంటే ఎక్కువ తెలిసినవాళ్ళ కోసమే. నాకు తెలిసింది, చదివేవారికి తెలియనిది ఒకటుందన్న ఊహే నాకు కొత్త.

ఆవిడ మాతో రాయించిన వరస కూడా వేరు. ముందు గ్రాఫులు, టేబుళ్ళు. అవి ఖాయమయ్యేదాకా ఒక్క వాక్యం రాయనివ్వలేదు. తర్వాత మెథడ్స్, చేతికి ఇంకా జ్ఞాపకం ఉండగానే. ఆపైన రిజల్ట్స్, డిస్కషన్. ఇంట్రడక్షన్ ఆ తర్వాత. మొత్తం పని సారాంశం చెప్పే అబ్‌స్ట్రాక్ట్ అన్నిటికన్నా చివర. చదివేవాళ్ళు మాత్రం దాదాపు ఇందుకు ఎదురు వరసలో చదువుతారు. ఇంట్రడక్షన్, మెథడ్స్, రిజల్ట్స్, డిస్కషన్ అనే ఈ నాలుగు గదుల అమరిక సైన్సు పత్రికల్లో అనాదిగా ఉన్నదనుకునేదాన్ని. 1665లో లండన్‌లో హెన్రీ ఓల్డెన్‌బర్గ్ మొదలుపెట్టిన ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్‌లో తొలి రోజుల వ్యాసాలు చాలావరకు ఉత్తరాల్లాగే ఉండేవి. ఈ నాలుగు భాగాల పద్ధతి ఇరవయ్యో శతాబ్దంలో మెల్లమెల్లగా పాకింది. 1972లో అమెరికన్ నేషనల్ స్టాండర్డ్స్ ఇన్‌స్టిట్యూట్ దాన్ని ప్రమాణంగా పెట్టింది. ఇది తెలిశాక ఆ చట్రం మీద నాకున్న భయం పోయింది. ఎవరో చదువరి సౌకర్యం కోసం మనుషులే కుదుర్చుకున్న ఏర్పాటు అది.

ఇక మార్జిన్ల సంగతి.

"మొలకెత్తే కొద్దీ చక్కెర ఉత్పత్తి పెరిగింది" అని రాశాం. పక్కన పెన్సిల్: "ఆ చక్కెరని ఎంజైమ్ తయారుచేసిందా, గింజలో ముందే ఉందా? ఇది నీకెలా తెలుసు?" దీనికి మా దగ్గర జవాబుంది. ప్రతి ఎక్స్‌ట్రాక్ట్‌లో కొంత భాగాన్ని మరిగించి, ఎంజైమ్‌ని చంపేసి, దాన్నీ అదే పద్ధతిలో కొలిచాం. ఆ బ్లాంక్ విలువ తీసేయగా మిగిలిందే మా లెక్క. అయితే ఆ మాట మెథడ్స్‌లో ఎక్కడా లేదు. మాకు తెలుసు కాబట్టి అందరికీ తెలుస్తుందనుకున్నాం. ఆ ఒక్క వాక్యం చేర్చాక మొత్తం పేజీ నిలబడింది.

ఇంకోచోట ఎర్రర్ బార్లు, అంటే కొలతల మధ్య తేడా ఎంతుందో గ్రాఫు మీద చూపే గీతలు. ఒక్కో రోజుకి మూడేసి ట్యూబులు, వాటి సగటు, స్టాండర్డ్ డీవియేషన్. బార్లు ఎంత చిన్నగా వచ్చాయంటే ఇద్దరం మురిసిపోయాం. మేడమ్ అడిగారు: "ఈ మూడు ట్యూబులూ ఒకే ఎక్స్‌ట్రాక్ట్ నుంచి తీసినవేనా?" అవునన్నాం. "అయితే ఈ బార్ మీ పిపెట్ గురించి చెబుతోందమ్మా. గోధుమల గురించి ఏమీ చెప్పడం లేదు."

ఆ మాట విని కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. ఒకే ద్రావణాన్ని ఎన్నిసార్లు కొలిచినా కొలిచే చేతి నిలకడే తెలుస్తుంది. గింజకీ గింజకీ, ఒక విడతకీ ఇంకో విడతకీ ఉండే తేడా తెలియాలంటే వేరువేరుగా నానబెట్టి, వేరువేరుగా నూరిన గింజలు కావాలి. మళ్ళీ మొదటినుంచీ మూడు విడతలుగా చేశాం. బార్లు బాగా పొడుగయ్యాయి. చూడ్డానికి అంత అందంగా లేవు కానీ ఆ గ్రాఫుని ధైర్యంగా ఎవరికైనా చూపించొచ్చు అనిపించింది. తక్కువ నమూనాలతో ఎంతవరకు నమ్మకంగా మాట్లాడొచ్చో లెక్క కట్టే పద్ధతిని 1908లో విలియం గాసెట్ ప్రచురించారని, ఆయన గిన్నెస్ సంస్థలో పనిచేస్తూ "స్టూడెంట్" అనే మారుపేరుతో రాశారని అప్పుడే చదివాను. ఆ పద్ధతే టీ టెస్ట్. అప్పటిదాకా అది పరీక్షకి బట్టీపట్టే ఫార్ములా అనుకునేదాన్ని. మూడంటే మూడు విడతల అంకెలు చేతిలో పెట్టుకుని కూర్చున్నప్పుడు, ఆయన మా కోసమే రాసినట్టనిపించింది.

రిఫరెన్సుల విషయంలో మేడమ్ పట్టుదల చెప్పి తీరాలి. కళ్ళతో చూడని పేపర్ని లిస్టులో పెట్టనిచ్చేవారు కాదు. ప్రొటీన్ కొలవడానికి మేం వాడింది లౌరీ పద్ధతి. అందరూ ఆ పేరు రాస్తారు, అసలు పేపర్ తెరిచినవాళ్ళు తక్కువ. 1951లో జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీలో వచ్చింది. లైబ్రరీలో పాత సంపుటాల మధ్య వెతికి, దుమ్ము దులిపి చదివాం. కొత్త సిద్ధాంతమేమీ లేదందులో. ఏది ఎంత కలపాలి, ఎంతసేపు ఆగాలి, ఏవేవి అడ్డు తగులుతాయి, అన్నీ ఓపికగా రాసి పెట్టారు. ప్రపంచంలో ఇతరులు తమ పేపర్లలో అత్యధికంగా ఉదహరించిన పేపర్ అదే, 3 లక్షలకు పైగా సార్లు. మెథడ్స్ సెక్షన్‌ని చిన్నచూపు చూసేవాళ్ళని చూస్తే నాకు ఇప్పటికీ ఈ సంగతే చెప్పాలనిపిస్తుంది. ఎదుటివాడు మన పని తన చేత్తో మళ్ళీ చేయగలిగేలా రాయడం కన్నా గొప్ప మర్యాద ఇంకేముంటుంది!

అసలు గొడవంతా సున్నా రోజు దగ్గర వచ్చింది.

పుస్తకం ప్రకారం మొలకెత్తడం మొదలయ్యాకే అమైలేజ్ తయారవ్వాలి. నానబెట్టని పొడి గింజలో ఏమీ ఉండకూడదు. మా గ్రాఫులో సున్నా రోజు బార్ మాత్రం సున్నా కాదు. చిన్నదే, కానీ ప్రతి విడతలోనూ ఉంది. బ్లాంక్ తీసేశాక కూడా ఉంది. నా పార్ట్‌నర్‌కి అది కంట్లో నలుసైంది. "మొలకలు వచ్చాకే కదే మన టాపిక్కు. గ్రాఫుని మొదటి రోజు నుంచి మొదలుపెడదాం, గొడవే ఉండదు" అంది. నాకూ మనసు అటే లాగింది. ఇద్దరం వెళ్ళి మేడమ్‌ని అడిగాం.

"మూడు విడతల్లోనూ కనపడిందా?"

"కనపడింది మేడమ్."

"మరి దాచడానికి అది మీ సొత్తా? గింజలో ఉంది, మీకు కనపడింది. ఉంచండి."

"కారణం ఏం రాయాలి మేడమ్?"

"కారణం తెలిస్తే రాయండి. తెలియకపోతే, ఈ ప్రయోగాలతో తేల్చలేమని రాయండి. ఆ మాట రాయడానికి సిగ్గెందుకమ్మా?"

సిగ్గు కన్నా భయమే ఎక్కువ. తెలియదని రాస్తే వైవాలో పట్టుకుంటారని. ఆ రోజు మేడమ్ మాకు ఎరాస్టో ఎంపెంబా కథ చెప్పారు. 1963లో టాంజానియాలో స్కూల్లో చదువుతూ ఐస్‌క్రీమ్ చేస్తున్నప్పుడు, వేడిగా ఉన్న మిశ్రమం చల్లారిన దానికన్నా ముందే గడ్డకట్టడం గమనించిన కుర్రాడు. టీచర్ నమ్మలేదు, తోటివాళ్ళు నవ్వారు. తర్వాత డెనిస్ ఆజ్‌బార్న్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ ప్రసంగించడానికి వచ్చినప్పుడు ఎంపెంబా అదే ప్రశ్న మళ్ళీ అడిగాడు. అప్పుడూ తరగతి నవ్వింది. ఆజ్‌బార్న్ మాత్రం నవ్వకుండా, తిరిగెళ్ళి ప్రయోగం చేయించారు. 1969లో ఇద్దరి పేర్లతో ఫిజిక్స్ ఎడ్యుకేషన్ పత్రికలో వ్యాసం వచ్చింది. దాని కారణమేమిటో, అసలు ఏయే పరిస్థితుల్లో జరుగుతుందో ఇప్పటికీ వాదన నడుస్తూనే ఉంది. "కారణం చెప్పగలిగాకే రాద్దామని కూర్చుంటే ఆ పేపర్ పుట్టేదా?" అన్నారు మేడమ్.

తర్వాత నేను సొంతంగా వెతుక్కుని చదివినవి కొన్ని ఉన్నాయి. సి.వి. రామన్ తొలి పేపర్ 1906 నవంబరులో ఫిలసాఫికల్ మ్యాగజైన్‌లో వచ్చేనాటికి ఆయన వయసు పద్దెనిమిదేళ్ళు, ఇంకా విద్యార్థే. సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ విద్యార్థిగా రాసిన పేపర్ కేంబ్రిడ్జిలో ఉన్న రాల్ఫ్ ఫౌలర్ ద్వారా రాయల్ సొసైటీ ప్రొసీడింగ్స్‌కి చేరి 1929లో అచ్చయింది. అమెరికన్ ఫిజిక్స్ శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ అండర్‌గ్రాడ్యుయేట్ థీసిస్ నుంచి 1939లో ఫిజికల్ రివ్యూలో వచ్చిన ఫలితం ఇప్పటికీ హెల్మన్–ఫైన్‌మన్ సిద్ధాంతంగా వాడుకలో ఉంది. వీళ్ళంతా మహా మేధావులు, మాకు పోలికే లేదు. కానీ ఆ కథల్లో నన్ను కట్టిపడేసేది అటువైపు మనిషి. ఎక్కడినుంచో వచ్చిన ఒక కుర్రాడి కాగితాన్ని పక్కన పడేయకుండా చివరిదాకా చదివిన ఫౌలర్ లాంటివాళ్ళు, ఆజ్‌బార్న్ లాంటివాళ్ళు.

సున్నా రోజు బార్ గ్రాఫులో ఉండిపోయింది. డిస్కషన్‌లో ఒక వాక్యం చేర్చాం: పొడి గింజలోనూ కొంత ఎంజైమ్ చర్య కనిపించింది, దాని మూలం ఈ ప్రయోగాలతో తేల్చలేం.

అబ్‌స్ట్రాక్ట్ 250 పదాలకు మించకూడదని నిబంధన. మాది దాదాపు అంతకు రెట్టింపు వచ్చింది. "ఈ అధ్యయనంలో", "గమనించదగ్గ విషయమేమిటంటే" లాంటివన్నీ రాలిపోయాక కూడా ఇంకా ఎక్కువే. ఆఖరికి ఏ వాక్యం తీసేస్తే చదివేవారికి నష్టం లేదో ఒక్కొక్కటీ పైకి చదువుకుంటూ తేల్చాం. అంకెలు మిగిలాయి, విశేషణాలు పోయాయి.

సెమినార్‌లో చెప్పాల్సింది పది నిమిషాలు. అప్పట్లో ఓహెచ్‌పీ షీట్లు, ప్రొజెక్టర్ మీద పెట్టి గోడ మీద చూపించే పారదర్శక షీట్లు. మార్కర్ పెన్నుతో రాస్తే చెయ్యి తగిలి చెరిగిపోయేవి, అందుకని షీటుకీ షీటుకీ మధ్య తెల్ల కాగితం పెట్టుకునేవాళ్ళం. షీటుకి ఒక్క విషయమే ఉండాలన్నది మేడమ్ నియమం. గ్రాఫు పెట్టగానే వెంటనే ఫలితం చెప్పేయొద్దు, ముందు అడ్డంగా ఏముంది, నిలువుగా ఏముంది చెప్పండి, చూసేవాళ్ళకి కళ్ళు నిలదొక్కుకునే వ్యవధి ఇవ్వండి అనేవారు. సాయంత్రం పూట ఖాళీ క్లాసురూమ్‌లో నేను చెబుతుంటే నా పార్ట్‌నర్ చివరి బెంచీలో కూర్చుని వినేది. వినపడకపోతే చెయ్యెత్తేది. తర్వాత స్థానాలు మార్చుకునేవాళ్ళం. ఆ ఖాళీ గదిలో ఒకరికొకరం చెప్పుకున్న సైన్సే నేను జీవితంలో చెప్పిన అన్నిటిలోకీ సంతోషంగా చెప్పినది.

ఆ తర్వాత విద్యార్థుల సదస్సులో పోస్టర్. ఇప్పటిలా ఒకే పెద్ద షీటు మీద ప్రింటు తీయించే రోజులు కావు. ఎ4 కాగితాలు విడివిడిగా తీసి, రంగు చార్టు మీద అంటించి, బోర్డుకి పిన్నులు గుచ్చాం. చాలాసేపు ఎవరూ ఆగలేదు. పోస్టర్ పక్కన నిలబడినవాళ్ళకి ఆ బెరుకు తెలుసు. వచ్చేవారి కళ్ళలోకి చూడాలో వద్దో తెలియదు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

ఒక పెద్దాయన వచ్చి ఆగారు. మమ్మల్ని ఏమీ అడగలేదు. కళ్ళజోడు పైకి జరిపి టైటిల్ నుంచి మొదలుపెట్టి చదవడం మొదలుపెట్టారు. మెథడ్స్ కూడా చదివారు. గ్రాఫు దగ్గరికొచ్చి, వేలు సరిగ్గా సున్నా రోజు మీద పెట్టారు.

"ఇది భలే నిజాయితీగా ఉంచారే! మీరు నూరిన దాంట్లో ఆల్ఫా అమైలేజ్ ఒక్కటే ఉందంటారా, అమ్మా?"

నా పార్ట్‌నర్ నా వైపు చూసింది. "మేం ఏదీ విడదీయలేదండీ. మొత్తం చర్య ఒక్కటే కొలిచాం" అన్నాను.

ఆయన ముఖం వెలిగింది. అక్కడే నిలబడి చాలాసేపు చెప్పారు. గోధుమలో బీటా అమైలేజ్ అనే ఇంకొకటి ఉంటుంది. అది మొలకెత్తేటప్పుడు కొత్తగా పుట్టేది కాదు, గింజ తయారయ్యేటప్పుడే చేరి పొడి గింజలో నిలవ ఉంటుంది. ఆల్ఫా స్టార్చ్ గొలుసుని మధ్యలో ఎక్కడపడితే అక్కడ కోస్తుంది. బీటా చివరినుంచి మాల్టోస్‌ని జంటలు జంటలుగా కత్తిరించుకుంటూ వస్తుంది. డీఎన్ఎస్‌కి ఈ తేడా తెలియదు, రెండిటి వల్ల వచ్చిన చక్కెరనీ కలిపే చూపిస్తుంది. "ఎక్స్‌ట్రాక్ట్‌లో కొంచెం కాల్షియం వేసి 70 డిగ్రీల దగ్గర పావుగంట ఉంచండి. బీటా చచ్చిపోతుంది, కాల్షియం అండతో ఆల్ఫా తట్టుకుంటుంది. అప్పుడు మళ్ళీ కొలవండి. మీ సున్నా రోజు ఏమవుతుందో చూడాలనుంది నాకు" అన్నారు. పేరు చెప్పి, వెళ్తూ వెళ్తూ మా డిస్కషన్‌లోని ఆ ఒక్క వాక్యాన్ని మళ్ళీ పైకి చదివి తలాడించారు.

బహుమతి వేరేవాళ్ళకి వచ్చింది. మాకు ఆ సంగతి గుర్తే లేదు. తిరుగు ప్రయాణమంతా కాల్షియం గురించీ, 70 డిగ్రీల వాటర్ బాత్ గురించీ మాట్లాడుకుంటూనే ఉన్నాం. మేడమ్‌కి చెబితే, ఆవిడ ఆశ్చర్యపోకుండా నవ్వారు. ఆవిడకి బీటా సంగతి ముందే తెలిసి ఉంటుందని నాకు చాలా ఏళ్ళ తర్వాత తట్టింది. తెలిసీ చెప్పకుండా, ఆ బార్‌ని మాత్రం తీసేయనివ్వలేదు. అంత ఓర్పు నాకు ఇప్పటికీ రాలేదు. నా దగ్గర ప్రాజెక్టు చేసే పిల్లల డ్రాఫ్టులు చదువుతుంటే జవాబు నోటిదాకా వచ్చేస్తుంది. పెన్సిల్ మాత్రం వాడతాను.

మాకు అప్పటికే పరీక్షలు దగ్గరపడ్డాయి, ఆ ప్రయోగం చేయడానికి వ్యవధి లేదు. మేడమ్ దాన్ని మా తర్వాతి బ్యాచ్‌కి ఇచ్చారు. వాళ్ళు కాల్షియం వేసి వేడిచేసి కొలిచారు. సున్నా రోజు బార్ దాదాపు నేలకి అంటుకుపోయింది. మొలకెత్తిన రోజుల బార్లు తగ్గినా గట్టిగానే నిలబడ్డాయి. వాళ్ళ రిపోర్టు కాపీ ఒకటి మేడమ్ నాకు పోస్టులో పంపారు. ఇంట్రడక్షన్ రెండో పేరాలో, పొడి గింజలో కనిపించిన చర్యకు మూలం తేలలేదని అంతకు ముందు ఏడాది ప్రాజెక్టులో నమోదైంది, దాన్ని పరీక్షించడమే ఈ పని ఉద్దేశం అని ఉంది. వాక్యం చివర రిఫరెన్స్ నంబరు. వెనక్కి తిప్పి చూస్తే లౌరీ పేపర్‌కి కింది వరసలో మా ఇద్దరి పేర్లున్నాయి. నా పార్ట్‌నర్‌కి ఫోన్ చేసి ఆ పేరా మొత్తం చదివి వినిపించాను. పూర్తిగా విని, "ఎన్ని విడతలు చేశారట?" అని అడిగింది.